చెవికో తీర్పు: వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల మీద తేలని వాదనలు

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర. కొన్నవాళ్లలో ఒకరు ఐదు స్టార్లూ ఇచ్చి, ఎంత పరిగెత్తినా చెవిలోంచి కదల్లేదని మెచ్చుకుంటారు. ఇంకొకరు ఒక్క స్టారుతో సరిపెట్టి, మెట్లు దిగుతుంటేనే జారిపడిందని తిట్టిపోస్తారు. ఒకరికి బాస్ అదిరిపోయింది, మరొకరికి అసలు వినపడలేదు. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు కొనబోయేవాళ్లు ముందుగా చిక్కుకునేది ఈ గందరగోళంలోనే. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం తేలిక. కానీ చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

వ్యాయామానికీ రోజువారీ వాడకానికీ ఒకే జత సరిపోతుందా అన్నది పైకి చిన్న ప్రశ్నే. పదేళ్లుగా కొన్నవాళ్లు, ఇంజనీర్లు, చెవి వైద్యులు, పరుగు పందేల నిర్వాహకులు తలా ఒకవైపు లాగడంతో అది ముడిపడిపోయింది.

తీగ తెగిన కథ

పాట వింటూ నడవడం, పరిగెత్తడం 1979లో సోనీ వాక్‌మన్ వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటే. తీగ మాత్రం మోచేతికి తగులుతూ, గుండీలకు చిక్కుకుంటూ మరో మూడున్నర దశాబ్దాలు వెంటపడింది. బ్లూటూత్‌కు బీజం 1994లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌లో పడింది. 1998లో కొన్ని కంపెనీలు కలిసి దాని కోసం ఒక సంఘం పెట్టుకున్నాయి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ పేరే ఆ రేడియో సాంకేతికతకూ పెట్టారు. తొలి రోజుల్లో అది ఒంటిచెవి హెడ్‌సెట్లలో ఫోను మాటలకే పనికొచ్చింది. పాటలకు సరిపోయేలా తయారయ్యేసరికి కొన్నేళ్లు పట్టింది.

వ్యాయామం చేసేవాళ్లను ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకున్న తొలి కంపెనీల్లో 2006లో అమెరికాలో మొదలైన జేబర్డ్ ఒకటి. దాన్ని 2016లో లాజిటెక్ కొనేసింది. తొలి వైర్‌లెస్ జతల్లో రెండు చెవుల మధ్య మిగిలిన చిన్న తీగను కూడా తీసేయాలని పంతం పట్టింది జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన బ్రాగి. 2014లో 'డాష్' పేరుతో ఇయర్‌బడ్స్ చేస్తామని కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ సైట్‌లో ప్రకటిస్తే జనం 33 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. గుండె వేగం కొలిచే సెన్సర్, పాటలు దాచుకోవడానికి 4 జీబీ మెమరీ, ఈతకు పనికొచ్చే నిర్మాణం అన్నీ అందులో ఉంటాయన్నారు. నీళ్లలో బ్లూటూత్ సిగ్నల్ సాగదు కాబట్టే ఆ మెమరీ. ఆలోచన కాలానికి ముందుంది, వ్యాపారం మాత్రం నిలవలేదు. 2019 నాటికి బ్రాగి పరికరాల తయారీ మానుకుంది.

అసలు మలుపు 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ తీసేసి, అదే వేదిక మీద ఆపిల్ ఎయిర్‌పాడ్స్ చూపించింది. అప్పట్లో జోకులు పేలాయి. తర్వాత మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా జాక్ మూసేశాయి. అంటే తీగ వదులుకోవడం చాలామంది కోరి చేసిన పని కాదు. రంధ్రం లేకపోవడంతో చేయక తప్పలేదు. వైర్‌లెస్ మీద ఫిర్యాదుల్లో కనిపించే ఘాటుకు సగం కారణం ఇదే.

మన దేశంలో కథ కాస్త వేరు. ఇక్కడ ముందు గెలిచింది మెడ చుట్టూ పట్టీలా ఉండే నెక్‌బ్యాండ్. బోట్, నాయిస్ లాంటి దేశీ బ్రాండ్లు వెయ్యి, పదిహేను వందల రూపాయల ధరల్లో వాటిని ఊరూరా చేర్చాయి. పెద్ద బ్యాటరీకి చోటుంటుంది. ఒక చెవిలోంచి జారినా మెడ మీదే ఉంటుంది. డెలివరీ కుర్రాళ్లు, బస్సు ప్రయాణికులు, కాలేజీ పిల్లలు దాన్ని వదల్లేదు. సాంకేతిక పత్రికలు నెక్‌బ్యాండ్ పని అయిపోయిందని రాస్తూనే ఉన్నాయి. దుకాణాల్లో అది వేలాడుతూనే ఉంది.

మూసే పక్షం, తెరిచే పక్షం

ఇప్పుడు వాదనంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. చెవి రంధ్రాన్ని మూయాలా, తెరిచి ఉంచాలా?

మూయాలనే పక్షానికి భౌతికశాస్త్రం బలం. రంధ్రంలో సిలికాన్ తొడుగు బిగుతుగా కూర్చుంటేనే బాస్ నిలుస్తుంది. సందు ఉంటే ముందుగా కారిపోయేది ఆ లోతైన ధ్వనే. బాస్ వినపడలేదన్న కొనుగోలుదారుకు వచ్చింది చెడ్డ వస్తువు కాకపోవచ్చు. డబ్బాలో ఇచ్చిన మూడు సైజుల తొడుగుల్లో ఆయన మధ్యది పెట్టుకుని ఉంటాడు, ఆయన చెవికి పెద్దది కావాలేమో. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలనీ లేదు. కుడికి ఒక సైజు, ఎడమకు ఇంకో సైజు వాడుకోవచ్చన్న సంగతి చాలామందికి తట్టదు. చిన్న చెవులున్నవాళ్లు, ముఖ్యంగా చాలామంది స్త్రీలు, అన్నిటికన్నా చిన్న తొడుగు కూడా గంటకే నొప్పి పుట్టిస్తోందని చెప్పే మాట ఎప్పటి నుంచో వినపడుతున్నా తయారీదార్లు దాన్ని పట్టించుకున్నది తక్కువ.

మూసిన చెవికి నాయిస్ క్యాన్సిలేషన్ తోడైతే ప్రయాణాల్లో హాయిగా ఉంటుంది. బయటి శబ్దాన్ని మైకుతో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి చెరిపేయడం దాని పని. ఎమ్‌ఐటీలో ప్రొఫెసర్‌గా ఉన్న అమర్ బోస్‌కు 1978లో ఒక విమాన ప్రయాణంలో ఈ ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన 1989 నాటికి పైలట్ల హెడ్‌సెట్‌గా, 2000లో మామూలు ప్రయాణికుల హెడ్‌ఫోన్‌గా బయటికొచ్చింది. విమానం మోత, ఏసీ హోరు, మెట్రో రైలు రొద లాంటి ఎడతెగని లోస్వరాల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పక్క సీటులో ఫోను మాట్లాడే మనిషి గొంతు మీద అంతగా పనిచేయదు. డబ్బు పోసి కొన్నా పక్కవాడి మాటలు వినపడుతూనే ఉన్నాయన్న నిరాశకు కారణం ఇదే.

అయితే బిగించి మూసిన చెవితో పరుగు మొదలుపెట్టగానే సొంత అడుగులే లోపల దబదబమని మోగుతాయి. మడమ నేలను తాకిన అదురు ఎముకల గుండా పైకి వచ్చి, బయటికి పోయే దారి లేక చెవి రంధ్రంలోనే తిరుగుతుంది. నమలడం, ఊపిరి తీయడం కూడా పెద్దగా వినిపిస్తాయి. ఆఫీసులో మెచ్చిన జతనే ట్రెడ్‌మిల్ మీద తిట్టుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

తెరిచే పక్షం ఇక్కడే బలపడింది. 2021 చివర్లో షాక్స్‌గా పేరు మార్చుకున్న ఆఫ్టర్‌షాక్స్ అనే కంపెనీ చెంప ఎముక మీద ఆనుకుని కంపించే హెడ్‌ఫోన్లతో పరిగెత్తేవాళ్లలో ఒక అభిమాన వర్గాన్ని సంపాదించుకుంది. చెవిలో ఏమీ ఉండదు కాబట్టి హారన్ వినిపిస్తుంది, చెమట రంధ్రంలో నిలవదు. తర్వాత చెవి అంచుకు తగిలించే క్లిప్పులు, చెవి మీద వేలాడే కొక్కేలు కూడా వచ్చాయి. వీటిని కొన్నవాళ్ల మాటల్లో రెండు విషయాలు పదే పదే దొర్లుతాయి. పార్కులో చాలా బాగుంది, బస్సులో ఏమీ వినపడలేదు. రెండోది లోపం కాదు, తెరిచి ఉండటానికి కట్టే సుంకం.

రోడ్డు మీద ఎవరి మాట చెల్లుతుంది

భద్రత వాదన పాతదే. అమెరికా అథ్లెటిక్స్ సంఘం 2007లో పందేల్లో హెడ్‌ఫోన్లను పూర్తిగా నిషేధించింది. అమలు చేయలేక మరుసటి ఏడాదే నిబంధన సడలించి, బహుమతుల కోసం పోటీపడేవాళ్లకే దాన్ని పరిమితం చేసింది. బ్రిటన్‌లో 2016లో ఇంకో దారి ఎంచుకున్నారు. వాహనాలకు పూర్తిగా మూసేయని రోడ్డు మీద పందెమైతే ఎముక ద్వారా వినిపించే రకం తప్ప మరేదీ వద్దన్నారు. తెరిచే పక్షానికి అది ఉచిత ప్రచారమైంది.

మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లైకెన్‌స్టైన్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనాన్ని ఈ చర్చలో అందరూ ఉదహరిస్తారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ వాహనాల కింద పడిన 116 ఘటనలను వాళ్లు అమెరికాలో పోగుచేశారు. సగానికి పైగా ఘటనల్లో ఢీకొన్నది రైలే. దాదాపు 70 శాతం మంది చనిపోయారు. అయితే ఇవి ఎక్కువగా వార్తా కథనాల నుంచి తీసినవి. హెడ్‌ఫోనే కారణమని ఇవి రుజువు చేయవు, అనుమానానికి మాత్రం గట్టి ఆధారం. మన నగరాల్లో ఆ అనుమానం ఇంకా బరువెక్కుతుంది. ఫుట్‌పాత్ తెగిపోయిన చోటల్లా నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగాలి, వెనక వచ్చే బండి తన ఉనికిని హారన్‌తోనే చెబుతుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కు లోపలి బాటలో పనికొచ్చే ఇయర్‌బడ్స్ అదే పార్కు గేటు దాటి రోడ్డెక్కగానే ప్రమాదంగా మారొచ్చు.

బయటి శబ్దాన్ని మైకులతో లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది కదా అని మూసే పక్షం జవాబు. మంచి జతల్లో అది బాగానే పనిచేస్తుంది. గాలి గట్టిగా వీస్తే మాత్రం మైకులో హోరు తప్ప ఇంకేమీ ఉండదు. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రపు గాలికి ఎదురుగా నడిచేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు వ్యాయామంలో పాట ఎందుకు అన్నవాళ్లకు లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాగియోర్గిస్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన సమాధానం. మోస్తరు శ్రమలో సంగీతం అలసట అనిపించడాన్ని దాదాపు పదో వంతు తగ్గిస్తుందనీ, ఊపిరి బిగబట్టే తీవ్రతకు చేరాక ఆ మేలు సన్నగిల్లుతుందనీ ఆయన చూపించారు. ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ 1998లో బర్మింగ్‌హామ్‌లో 2000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు బద్దలుకొట్టింది స్టేడియం స్పీకర్లలో 'స్కాట్‌మన్' పాట మోగుతుండగానే. చెవిలో ఏమీ లేకుండానే అన్నది మరిచిపోకూడదు.

చెమట లెక్క, చెవి లెక్క

డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే చిందే నీళ్లకు తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఈ పరీక్షలు కొత్త వస్తువు మీద, మంచినీళ్లతో చేస్తారు. చెమట మంచినీరు కాదు, ఉప్పునీరు. పైగా అది ఛార్జింగ్ పిన్నుల మీద ఆరకముందే బడ్స్‌ను కేసులో పెట్టేస్తారు. తడి, ఉప్పు, కరెంటు మూడూ కలిస్తే లోహాన్ని తినేస్తాయి. ఆరు నెలలకు ఒక వైపు బడ్ ఛార్జింగ్ ఎక్కడం మానేస్తుంది, కొన్నవాళ్లు బ్యాటరీ పోయిందనుకుంటారు. చాలా మోడళ్లలో బడ్స్‌కు ఉన్న రక్షణ కేసుకు ఉండదన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. కోస్తా ఉక్కపోతలో వాడేవాళ్లూ, ఏసీ జిమ్ముల్లో వాడేవాళ్లూ ఒకే వస్తువుకు వేరువేరు ఆయుష్షు చెబితే ఆశ్చర్యమేమీ లేదు. ప్రకటనలో చెమటకు భయం లేదని రాసి, సర్వీస్ సెంటర్లో నీళ్లు తగిలాయి కాబట్టి వారంటీ వర్తించదనడం ఈ రంగంలోకెల్లా పెద్ద మోసం. దాన్ని మోసం అనడానికి మొహమాటపడక్కర్లేదు.

చెవి విషయానికొస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క సూటిగా ఉంది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 90కి చేరితే వారం మొత్తానికి మిగిలేది నాలుగు గంటలే, అంటే రోజూ గంటసేపు జిమ్ముకు వెళ్లే మనిషికి కూడా చాలదు. ఇక్కడ రెండు పక్షాల వాదనా తలకిందులవుతుంది. తెరిచిన రకం చెవికి మంచిదని చాలామంది నమ్మకం. కానీ ఎముక దారిన పోయినా శబ్దం చేరేది అదే లోచెవికి. రోడ్డు రొదలో పాట వినపడక వాల్యూమ్ పెంచితే నష్టం ఒకటే. మూసి, రొద తగ్గించి, మెల్లగా వినేవాడే వినికిడిని ఎక్కువగా కాపాడుకోవచ్చు. అయితే తేమ నిలిచే ఆ మూసిన రంధ్రంలోనే ఫంగస్ పెరుగుతుంది. వానాకాలంలో చెవి దురద, నీరు కారడంతో ఈఎన్‌టీ డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లు మన వాతావరణంలో కొత్త కాదు. ఒకరికి రక్షణ అనిపించేది ఇంకొకరికి జబ్బు.

పాట బాగుంది, మాట బాగోలేదు

రోజువారీ వాడకంలో ఎక్కువమంది నొచ్చుకునేది ధ్వని నాణ్యత మీద కాదు, ఫోను కాల్స్ మీద. దీనికి బ్లూటూత్ నిర్మాణమే కారణం. పాట వింటున్నంతసేపూ సమాచారం ఒకవైపే పోతుంది. మైకు తెరవగానే పరికరం కాల్స్ కోసం పెట్టిన పాత పద్ధతికి మారుతుంది, ధ్వని ఒక్కసారిగా పాత టెలిఫోన్‌లా సన్నబడుతుంది. ఆన్‌లైన్ మీటింగులో గొంతు బావిలోంచి వచ్చినట్టుందని అవతలివాళ్లు అంటే తప్పు నెట్‌వర్క్‌ది కాకపోవచ్చు. 2020లో ప్రకటించిన కొత్త బ్లూటూత్ పద్ధతి ఎల్ఈ ఆడియో, దానితో వచ్చిన ఎల్‌సీ3 కోడెక్ (ధ్వనిని కుదించి పంపే పద్ధతి) ఈ లోటు తీరుస్తామన్నాయి. అయితే ఫోనూ, ఇయర్‌బడ్స్ రెండూ కొత్తవైతేనే ఫలితం.

ఇంకో ఫిర్యాదు వింతగా వినిపిస్తుంది. ఇంట్లో సాఫీగా పాడే జత ఖాళీ మైదానంలో తెగి తెగి పాడుతుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఒంట్లోని నీరు పీల్చేస్తుంది. గదిలో గోడలకు తగిలి తిరిగివచ్చే సిగ్నల్ ఆ లోటు పూడుస్తుంది. మైదానంలో గోడలెక్కడివి? ఫోను వెనక జేబులోంచి తీసి చేతికి కట్టుకుంటే చాలాసార్లు సమస్య పోతుంది.

ధర సంగతి మీద ఒక మంచి కొలత ఉంది. ధ్వని పరిశోధకుడు జెరోన్ బ్రీబార్ట్ 2017లో 283 హెడ్‌ఫోన్లను కొలిచి, వాటి ధ్వని స్పందనకూ ధరకూ సంబంధం కనిపించలేదని రాశారు. ఎల్‌డాక్, ఆప్టెక్స్ లాంటి కోడెక్ పేర్ల మీద జరిగే రచ్చ కూడా చాలావరకు అనవసరమే. ఐఫోన్ వాటిని అసలు వాడుకోదు. తొడుగు సరిగ్గా కుదరకపోతే ఏ కోడెకూ కాపాడదు. ఎక్కువ ధరకు వచ్చేవి మంచి మైకులు, మంచి నాయిస్ క్యాన్సిలేషన్, రెండు పరికరాలతో ఒకేసారి జోడీ కుదిరే సౌకర్యం.

ఇంతవరకూ వచ్చిన వాటిని పక్కపక్కన పెడితే, ఆఫీసుకూ మెట్రోకూ మూసే రకం ముందుంటుంది. రోడ్డు మీద నడకకు, పరుగుకు తెరిచే రకం. జిమ్ములో ఏదైనా సరే, బెంచీ మీద పడుకున్నప్పుడు తల వెనక పట్టీ ఉన్న ఎముక రకం, మెడ మీది నెక్‌బ్యాండ్ మాత్రం ఇబ్బంది పెడతాయి. రోజంతా కాల్స్ మాట్లాడుతూ, ఛార్జింగ్ మరిచిపోయే మనిషికి నెక్‌బ్యాండే మేలు. పాత తీగ ఇయర్‌ఫోన్‌కు మళ్లీ మళ్లుతున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లది చాదస్తం అనలేం. దానికి బ్యాటరీ లేదు మరి.

మొదటి వారం, రెండో ఏడాది

స్టార్ల లెక్కలో అసలు తిరకాసు కాలంది. రివ్యూలు చాలావరకు కొన్న కొత్తలో, డబ్బా విప్పిన ఉత్సాహంలో రాసేవి. ఇయర్‌బడ్స్ అసలు జబ్బు బయటపడేది రెండో ఏడాదిలో. వేలిగోరంత లిథియం బ్యాటరీ మూడు వందల నుంచి ఐదు వందల ఛార్జింగుల తర్వాత గమనించేంతగా తగ్గుతుంది. రోజూ వాడితే అది ఏడాది, ఏడాదిన్నర. పాత డిజైన్లలో ఒక బడ్ ఫోను నుంచి సిగ్నల్ అందుకుని రెండోదానికి పంపేది కాబట్టి అదే ముందు అలసిపోయేది. కాల్స్‌కు ఎప్పుడూ ఒకే చెవి వాడే అలవాటు కూడా ఆ తేడాను పెంచుతుంది. అప్పటికి ఆ మోడల్ అమ్మకంలోనే ఉండదు, దాని మీద రివ్యూ రాసే మనిషీ ఉండడు.

ఇక దొంగ రివ్యూలు. 2022 నవంబర్‌లో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడాలని అది చెబుతుంది, కానీ పాటించడం స్వచ్ఛందం. దొంగవాటిని ఏరేసినా మిగిలే సమస్య ఒకటుంది. నిజాయతీగా రాసిన రెండు వందల రివ్యూల సగటు 4.1 అయితే, అందులో పరిగెత్తేవాళ్లెందరు, కూర్చుని వినేవాళ్లెందరు, ఎవరెన్ని నెలలు వాడారు అన్నది ఆ అంకె చెప్పదు. పొసగని అవసరాలున్నవాళ్ల తీర్పులను కలిపి తీసిన సగటు ఎవరికీ సరిపోదు. నాలుగు స్టార్లవాటికన్నా మూడు స్టార్ల రివ్యూలు చదవడం మేలు. ఏది బాగుందో, ఏది బాగోలేదో విడదీసి చెప్పే ఓపిక ఉన్నది అవి రాసినవాళ్లకే.

ఇంకా తేలనివి

బ్యాటరీ మార్చలేని వస్తువును కొనడం ఎందుకన్న ప్రశ్న ఇప్పుడు చట్టాల దాకా వెళ్లింది. మరమ్మతుల నిపుణులైన ఐఫిక్సిట్ బృందం తొలి ఎయిర్‌పాడ్స్‌కు మరమ్మతు విషయంలో పదికి సున్నా ఇచ్చింది. మార్చడం అసాధ్యమేమీ కాదని నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2024లో చూపించింది. దాని ఫెయిర్‌బడ్స్‌లో బడ్స్ బ్యాటరీలనూ, కేసు బ్యాటరీనీ కొన్నవాళ్లే మార్చుకోవచ్చు.

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం, పోర్టబుల్ బ్యాటరీలతో నడిచే పరికరాల్లో బ్యాటరీని వాడుకునేవాళ్లే తీసి మార్చుకునే వీలు 2027 ఫిబ్రవరి 18 నుంచి ఉండాలి. నీళ్లు తగిలే చోట వాడటానికే ప్రత్యేకంగా చేసిన, కడగదగిన పరికరాలకు కొంత మినహాయింపు ఉంది. వాటికి నిపుణులు మార్చగలిగితే చాలు. చెమటకు తట్టుకుంటాయని చెప్పుకునే వ్యాయామపు ఇయర్‌బడ్స్ ఆ మినహాయింపు కిందికి వస్తాయా రావా అన్నదే ఇప్పుడు అసలు తగువు. వస్తే, ఎక్కువగా పాడయ్యేవే నిబంధనకు దూరంగా ఉండిపోతాయి.

మన దగ్గర ఇయర్‌బడ్స్ తయారవుతున్నా ఈ చర్చ ఇంకా ఫోన్ల దగ్గరే ఉంది. 2025లో హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్‌లోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో ఎగుమతుల కోసం ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. అదే ఏడాది మే నెలలో, వస్తువులను బాగుచేసుకోవడం ఎంత తేలికో చెప్పే రిపేరబిలిటీ సూచిక మీద ఒక కమిటీ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు నివేదిక ఇచ్చింది. తొలి విడతకు అది సిఫారసు చేసినవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు. ఆ జాబితాలో ఇయర్‌బడ్స్ లేవు.